రెక్కలు మాత్రమే చాలవు

పల్లెలో విమానపు ధ్వని వినబడినంతనే పిల్లలు వీధిలోనికి పరుగెత్తుదురు. అరచేతిని కన్నులకు నీడగా పట్టి, మేఘముల నడుమ వెండిచుక్కవలె సాగిపోవు దానిని కనుమరుగగువరకు చూతురు. వారిలో నొకడు, "నేనును పెద్దవాడనై విమానము నడిపెదను" అనును. తక్కినవారు నవ్వుదురు. గాని ఆ కోరిక ఆ నవ్వినవారి హృదయములలోను ఒక్క క్షణమైనను మెదలక మానదు.

కోరిక మంచిదే. కాని దాని వెనుక ఒక పొరపాటు అభిప్రాయము దాగియున్నది. విమానము నడుపువాడు మహాసాహసి యనియు, ప్రాణములను గడ్డిపరకగా నెంచువాడనియు, అట్టి ధైర్యము పుట్టుకతో రావలసినదే గాని నేర్చుకొనదగినది కాదనియు పలువురు తలంతురు. చలనచిత్రములును కథలును ఈ అభిప్రాయమునే బలపరచుచున్నవి. విమానయాన చరిత్ర చెప్పు సత్యము వేరు. సాహసముతో ఎగిరినవారు పెక్కుమంది పడిపోయిరి. అభ్యాసముతో ఎగిరినవారు నిలిచిరి. ఈ సంగతి గ్రహించిన పిమ్మటనే ఎవరైనను వైమానికవృత్తిని కోరుట యుక్తము.

పక్షివలె ఎగురవలెనను ఆశ అతి ప్రాచీనమైనది. మన పురాణకవులు పుష్పకమును వర్ణించిరి. ఐరోపాలో కొందరు రెక్కలు కట్టుకొని గోపురములపైనుండి దూకి కాళ్లు విరుగగొట్టుకొనిరి. ఈ విద్యను శాస్త్రమార్గమున నడిపినవారిలో జర్మనీ దేశీయుడగు ఒట్టో లిలియెంతాల్ ముఖ్యుడు. అతడు కొంగల రెక్కలను శ్రద్ధతో పరిశీలించి, కఱ్ఱచట్రమునకు వస్త్రము బిగించి రెక్కలు చేసికొని, కొండవాలున పరుగెత్తి గాలిలోనికి లేచెడివాడు. 1891 మొదలు 1896 వరకు సుమారు రెండువేల మారులు అట్లు ఎగిరెను. 1896 ఆగష్టు 9వ తేదీన అతని గ్లైడరు అదుపు తప్పి నేలగూలెను. మరునాడే అతడు మరణించెను.

ఆ మరణవార్త అమెరికాలోని డేటన్ నగరమున సైకిళ్ల అంగడి నడుపుకొనుచున్న ఇరువురు సోదరులను ఆలోచింపజేసెను. వారే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్. వారికి కళాశాల చదువు లేదు, ధనబలము లేదు. 1899లో విల్బర్ వాషింగ్టన్ నగరమందలి స్మిత్సోనియన్ సంస్థకు జాబు వ్రాసి, ఎగురుటనుగూర్చిన గ్రంథములను తెప్పించుకొనెను. ఇరువురును వానిని చదివి, తమకు పూర్వులు ఎచ్చట పొరబడిరో వెదకిరి.

లిలియెంతాల్ ఐదేండ్లు శ్రమపడినను, అతడు గాలిలో గడపిన కాలమంతయు కూడిన ఐదు గంటలకు మించదని విల్బర్ లెక్కగట్టెను. 1901లో షికాగో నగరమున చేసిన ఉపన్యాసమున అతడీ విషయము చెప్పి, ఐదేండ్లలో క్షణములుగా చెదరిన ఐదు గంటల అభ్యాసముతో ఎవడైనను రద్దీవీధిలో సైకిలు తొక్కుటకు సాహసించునా యని ప్రశ్నించెను. ఆ ప్రశ్నలోనే వారి విజయరహస్యము కలదు. ఎగురుటకు మూడు కావలెను: మోయగల రెక్కలు, నెట్టగల ఇంజను, గాలిలో తూకము తప్పకుండ నిలుపగల నేర్పు. లోకమంతయు మొదటి రెండింటికై ప్రాకులాడుచుండగా, ఆ సోదరులు మూడవదానిని ముందు పెట్టుకొనిరి.

పక్షి యొక వైపునకు ఒరగినపుడు తన రెక్కల కొనలను మెలిత్రిప్పి సరిచేసికొనునని వారు గమనించిరి. తమ గ్లైడరు రెక్కలను కూడ త్రాళ్లతో అట్లే మెలిత్రిప్పు ఏర్పాటు చేసిరి. ఉత్తర కరోలినా రాష్ట్రమునందలి కిట్టీహాక్ ఇసుకతిన్నెలపై ఎడతెగని గాలి వీచుచుండును; పడినను దెబ్బ తగులదు. కావున ఆ ప్రదేశమును ఎన్నుకొని 1900, 1901 సంవత్సరములలో గ్లైడర్లను పరీక్షించిరి. రెక్కలు తాము లెక్కించినంత బరువును ఎత్తకపోగా నిరాశ చెందిరి. అయినను ఇంటికి వచ్చి, ఆరడుగుల పొడవుగల చెక్కపెట్టెను చేసి, పంకాతో దానిలోనికి గాలి పంపి, సుమారు రెండువందల చిన్న రెక్కల నమూనాలను ఒక్కొక్కటిగా పరీక్షించిరి. అట్లు తామే క్రొత్త లెక్కలు తయారుచేసికొని, 1902 శరత్కాలమున క్రొత్త గ్లైడరుతో మరల కిట్టీహాక్ చేరి, వందలకొలది మారులు తిన్నెలపైనుండి ఎగిరిరి. ఇంజను కట్టుటకు పూర్వమే వారు చోదకులైరి.

ఆ కాలముననే స్మిత్సోనియన్ సంస్థకు అధిపతియగు శామ్యూల్ లాంగ్లీ కూడ విమానమును నిర్మించుచుండెను. అతడు పేరుగన్న ఖగోళశాస్త్రజ్ఞుడు. 1896లో ఆవిరి ఇంజనుతో మనిషిలేని చిన్న విమానమును అర మైలుకు పైగా ఎగురవేసిన ఘనత అతనిది. ప్రభుత్వము అతనికి 50 వేల డాలర్లు ఇచ్చెను. అతని సహాయకుడు చార్లెస్ మాన్లీ 52 అశ్వశక్తుల ఇంజనును సిద్ధపరచెను. ఆనాటికి అది యద్భుతమైన యంత్రము. కాని ఆ విమానముపై కూర్చుండవలసిన మాన్లీ అంతకుముందు ఒక్కమారైనను ఎగిరి యెరుగడు. 1903 అక్టోబరు 7వ తేదీన పొటోమాక్ నదిలో పడవపై కట్టిన వేదికనుండి విమానమును వదలగా అది తిన్నగా నీటిలో మునిగెను. డిసెంబరు 8వ తేదీన రెండవమారును అట్లే జరిగెను. మాన్లీ ప్రాణములతో బయటపడుట అదృష్టము.

సరిగా తొమ్మిది దినములకు, డిసెంబరు 17వ తేదీ ఉదయమున, కిట్టీహాక్ సమీపమున గడ్డకట్టు చలిగాలిలో ఆర్విల్ రైట్ 12 క్షణములు గాలిలో నిలిచి 120 అడుగుల దూరము పోయెను. ఆ దినముననే నాల్గవమారు విల్బర్ 59 క్షణములలో 852 అడుగులు పోయెను. వారి ఇంజను శక్తి లాంగ్లీ ఇంజనులో నాల్గవవంతునకు మించదు. చూచినవారు ఐదుగురే.

లాంగ్లీని పరిహసించుట తగదు. అతని విద్వత్తు నిజమైనది, శ్రమ నిజమైనది. ఇంజను బలముగా నున్నచో తక్కినది దానంతట నదియే సమకూరునని తలచుటయే అతని లోపము. రైట్ సోదరులో, యంత్రముతోబాటు యంత్రమును నడుపు మనిషిని కూడ తయారుచేసిరి. విమానమును కనిపెట్టినవారుగా లోకము వారిని కీర్తించుచున్నది. వైమానికుని కనిపెట్టినవారుగా కూడ కీర్తించుట న్యాయము.

మన దేశమున ఈ విద్య వచ్చిన తీరును ఇట్టిదే. 1929 ఫిబ్రవరి 10వ తేదీన జె. ఆర్. డి. టాటా వైమానికుని అర్హతాపత్రమును పొందెను. మన దేశమున ఇయ్యబడిన అట్టి పత్రములలో దాని సంఖ్య ఒకటి. పిదప, ఇంగ్లండునకును భారతదేశమునకును నడుమ ఒంటరిగా విమానముపై ప్రయాణించిన మొదటి భారతీయునకు ఆగాఖాన్ ఒక బహుమానము ప్రకటించెను. టాటా కరాచీనుండి బయలుదేరెను. పదునేడేండ్ల ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండునుండి బయలుదేరెను. ఇరువురును ఈజిప్టులో కలిసికొనిరి. ఆస్పీ విమానమునకు స్పార్కు ప్లగ్గు కొరవడి అతడు చిక్కుపడియుండెను. టాటా తనయొద్ద అదనముగా నున్న ప్లగ్గును అతనికిచ్చెను. బహుమానము ఆస్పీకే దక్కెను. ఆ బాలుడే తరువాత 1960 మొదలు 1964 వరకు భారత వాయుసేనకు అధిపతిగా నుండెను. పందెములో ఓడిన టాటాకు ఈ సంఘటనవలన కలిగిన గౌరవము గెలిచినను కలిగియుండదు. ఆకాశమున పోవువారికి ప్రతిస్పర్ధికంటె ముందు తోటివాడు కనబడవలెను.

1932 అక్టోబరు 15వ తేదీన టాటా తపాలా సంచులతో ఒక చిన్న పస్‌మాత్ విమానమును కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి నడిపెను. అహమ్మదాబాదులో ఇంధనపు డబ్బాలను ఎడ్లబండిపై తెచ్చి విమానమున పోసిరి. బొంబాయినుండి ఆ తపాలాను నెవిల్ విన్సెంట్ అను వైమానికుడు బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను. ఆ విమానములలో రేడియో లేదు. దారి చూపు పరికరములు లేవు. క్రింద కనబడు నదులు, రైలుపట్టాలు, కొండలు మాత్రమే గురుతులు. అట్టి స్థితిలోను వేళ తప్పక తపాలా చేర్చుటయే వారు తమ ఘనతగా నెంచిరి.

స్త్రీలును వెనుకబడలేదు. 1936లో లాహోరు ఫ్లయింగు క్లబ్బున 21 ఏండ్ల సరళా ఠక్రాల్ ఒంటరిగా విమానము నడిపి అర్హతాపత్రమును పొందెను. అప్పటికే ఆమె యొక బిడ్డకు తల్లి. ప్రేమ్ మాథుర్ అను వనిత ప్రయాణికుల విమానములు నడుపుటకు అర్హత సంపాదించియు, స్త్రీయను కారణమున పలు సంస్థలచే నిరాకరింపబడెను. చివరకు ఆమెకు అవకాశమిచ్చినది హైదరాబాదు కేంద్రముగా నడచుచుండిన డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ. 1949లో ఆమె జాతీయ విమాన పందెమునందు గెలుపొంది, తన్ను నిరాకరించినవారికి మాటలతో గాక పనితో సమాధానమిచ్చెను. 2016 జూన్ 18వ తేదీన హైదరాబాదు సమీపమందలి దుండిగల్ వాయుసేన అకాడమీలో ముగ్గురు యువతులు యుద్ధవిమాన విభాగమున చేరినపుడు, ఆ తలుపును మొదట తట్టిన చేతులను స్మరింపవలసియున్నది.

అనుభవము మిక్కిలిగా కలవానికి నియమములతో పనియేమి యని కొందరు అడుగుదురు. దీనికి 1935లో జరిగిన ఒక దుర్ఘటన సమాధానము. ఆ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన, రైట్ సోదరుల ఊరగు డేటన్ సమీపముననే, బోయింగు సంస్థ చేసిన నాలుగు ఇంజనుల క్రొత్త విమానమును పరీక్షించిరి. నడిపినవారు ఆరితేరిన వైమానికులు. విమానము నేలపై నున్నపుడు గాలికి దాని తోకరెక్కలు కదలకుండ ఒక గడియ వేయుదురు. పైకి లేచుటకు ముందు ఆ గడియ తీయుట వారు మరచిరి. విమానము నిట్టనిలువుగా లేచి, క్రిందపడి మండిపోయెను. ఇరువురు మరణించిరి. యంత్రములో దోషము లేదు; మనుష్యులలో నేర్పు కొరత లేదు. ఒక చిన్న మరపు అంత పని చేసెను.

దాని పిమ్మట వైమానికులు, లేచుటకు ముందు చూడవలసినవాటి నన్నిటిని ఒక కాగితముపై వరుసగా వ్రాసికొని, ఒక్కొక్కదానిని చదివి సరిచూచుకొను పద్ధతి నేర్పరచుకొనిరి. దానినే చెక్‌లిస్టు అందురు. నేటికిని ముప్పదియేండ్ల అనుభవము కల కెప్టెను కూడ ప్రతి ప్రయాణమునకు ముందు ఆ పట్టికను పాటించును. తనకు తెలిసినదానినే మరల సరిచూచుకొనుటకు సిగ్గుపడనివాడే మంచి వైమానికుడు. చదువుకొను పిల్లలకు ఇంతకంటె మేలైన పాఠము లేదు. లెక్క చేసిన పిదప మరల సరిచూచుకొనుమని ఉపాధ్యాయుడు చెప్పినపుడు విసుగుకొను విద్యార్థి ఈ కథను జ్ఞప్తియందుంచుకొనవలెను.

మరొక ఆక్షేపణ కలదు. ఈ దినములలో విమానములను చాలవరకు కంప్యూటర్లే నడుపుచుండగా చోదకునితో పనియేమి? ఈ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. యంత్రములు అలసట యెరుగవు. వానివలన ప్రయాణములు సురక్షితములైన మాట నిజము. కాని 2009 జనవరి 15వ తేదీన న్యూయార్కు నగరమున జరిగిన సంగతిని విచారింపవలెను. 155 మందితో లేచిన విమానమును బాతుల గుంపు ఢీకొనగా రెండు ఇంజనులును ఒక్కసారిగా శక్తి కోల్పోయెను. కెప్టెను చెస్లీ సలెన్‌బర్గర్ నకు మిగిలిన వ్యవధి మూడున్నర నిమిషములు. విమానాశ్రయమును చేరుట అసాధ్యమని నిర్ణయించి, అతడు విమానమును హడ్సన్ నదిపై దించెను. అందరును బ్రతికిరి. అతనికి సుమారు ఇరువదివేల గంటల అనుభవము కలదు. గ్లైడరు నడుపుటకు కూడ అర్హత కలదు. ఇంజను లేని రెక్కలతో ఎగురుట రైట్ సోదరులు నేర్చిన మొదటి పాఠమే గదా! ఆ మూడున్నర నిమిషములలో యంత్రములును తమ పని చేసినవి. కాని ఎక్కడ దిగవలెనో నిర్ణయించినది మనిషి.

ఇట్టి వృత్తిని కోరువారు చేయవలసినదేమి? మన దేశమున 16 ఏండ్లు నిండినవారు విద్యార్థి లైసెన్సుతో శిక్షణ ప్రారంభింపవచ్చును. ప్రయాణికుల విమానములలో ఉద్యోగము చేయుటకు కావలసిన వాణిజ్య లైసెన్సునకు 18 ఏండ్లు నిండవలెను. 200 గంటలు విమానము నడిపియుండవలెను. వాతావరణశాస్త్రము, దారి లెక్కించు విద్య, వైమానిక నిబంధనలు మున్నగువానిలో పరీక్షలు గడువవలెను. పూర్తి బాధ్యత వహించు కెప్టెను లైసెన్సునకు 1500 గంటలు కావలెను. నిబంధనలు కాలముతో మారుచుండును గనుక, చేరబోవునపుడు పౌరవిమానయాన శాఖ ప్రకటనలను స్వయముగా చదువుకొనుట మంచిది. ఉద్యోగము దొరికినంతమాత్రమున పరీక్షలు ముగియవు. వైమానికుడు ఆరునెలల కొకమారు తన నేర్పును మరల నిరూపించుకొనవలసినదే. జీవితాంతము విద్యార్థిగా నుండుటకు ఇష్టపడనివానికి ఈ వృత్తి తగదు.

ఇచ్చట ఒక కఠినసత్యము చెప్పక తప్పదు. ఈ శిక్షణకు పదుల లక్షల రూపాయలు వ్యయమగును. లైసెన్సు వచ్చినంతనే ఉద్యోగము వచ్చునను నమ్మకము లేదు. ప్రకటనలను నమ్మి పొలములమ్మి, పిదప చింతించు తల్లిదండ్రులు ఉండరాదు. కావున మొదటి రూపాయి వ్యయపరచుటకు ముందే నిర్ణీత వైద్యపరీక్ష చేయించుకొనవలెను. కళ్లద్దములతో సరియగు దృష్టిలోపము సాధారణముగా ఆటంకము కాదు. రంగులను గుర్తింపలేకపోవుట మున్నగునవి ఆటంకములు కావచ్చును. ఆ సంగతి మొదటనే తెలిసికొనుట వివేకము. వాయుసేనలో చేరువారికి మాత్రము శిక్షణవ్యయమును ప్రభుత్వమే భరించును. గాని అచ్చటి ఎంపిక మిక్కిలి కఠినము.

అయిన నిరుపేద ఇంటి బాలిక పౌరవిమానము నడుపగోరిన నేమి చేయవలెను? ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినది ఆ బాలిక కాదు, సమాజము. సైకిళ్లు బాగుచేయువారు విమానమును కనిపెట్టగలిగినపుడు, సైకిళ్లు బాగుచేయువాని కుమార్తె విమానము నడుపలేదనుట ఎట్లు? ప్రతిభను పరీక్షించి, అర్హులైన పేదవిద్యార్థులకు పూర్తి వేతనములతో ఈ శిక్షణ నిప్పించుట ప్రభుత్వములకును, లాభము గడించు విమానసంస్థలకును ధర్మము. ధనికులకు మాత్రమే తెరచిన తలుపునుండి దేశమునకు మేలైన వైమానికులు అందరును రాజాలరు.

ధనముకంటెను అవసరమైనది ఒకటి కలదు. ప్రతి వైమానికుడును తాను ఎగిరిన గంటలను ఒక పుస్తకమున వ్రాసికొనును. ఆ పుస్తకమునందు అబద్ధము వ్రాసిన తక్షణము పట్టుకొనువారు ఉండకపోవచ్చును; కాని ఆకాశము పట్టుకొనును. 2011లో మన దేశమున కొందరు నకిలీ మార్కుల పత్రములతో లైసెన్సులు పొందినట్లు బయటపడెను. వారి వెనుక కూర్చుండిన ప్రయాణికులలో ఎందరు తల్లులు, ఎందరు పసిపిల్లలు ఉండిరో! పరీక్షలో చూచి వ్రాయుట చిన్నతప్పని తలచువాడు ఈ సంగతిని ఒకమారు ఆలోచింపవలెను.

ఎనిమిదవ తరగతి విద్యార్థికి విమానము చాల దూరముగా కనబడవచ్చును. నిజమునకు అది పుస్తకముల సంచిలోనే యున్నది. గాలి ఒకవైపునకు నెట్టుచుండగా విమానము ముక్కును ఎటు త్రిప్పవలెనో చెప్పునది రేఖాగణితము. మేఘముల స్వభావము చెప్పునది భూగోళము. రెక్క ఏల లేచునో చెప్పునది భౌతికశాస్త్రము. రేడియోలో చెప్పదలచినది పొరపాటునకు తావులేకుండ చెప్పుట నేర్పునది భాష. వేళకు లేచుట, వస్తువులను వాని చోటనే యుంచుట, తప్పు చేసినపుడు దాచక ఒప్పుకొనుట, వీనిని నేర్పునది ఇల్లు.

రేపు మరల ఆ పల్లెపై విమానధ్వని వినబడును. పిల్లలు మరల వీధిలోనికి పరుగెత్తుదురు. తల యెత్తి చూచుట మంచిదే. చూచిన పిదప ఇంటిలోనికి పోయి, సగములో విడిచిన లెక్కను పూర్తిచేసి, దానిని మరల సరిచూచుకొనిన బాలుడో బాలికయో అప్పటికే వైమానికశిక్షణ ప్రారంభించినట్లే.